ఎనిమిదో ఇల్లు

"మన ఫొటో పంపలేదా నువ్వు?"

కొరీన్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే డెజ్మండ్‌కి తేలికయ్యేది. పదమూడేళ్ళ కాపురంలో అతనికి బాగా తెలిసిన సంగతి, ఆమె అరిస్తే గంటలో సర్దుకుంటుంది. నెమ్మదిగా అడిగితే వారమైనా సర్దుకోదు.

ఇళ్ళ ఏజెంటు గ్వెన్ ఇప్పుడే ఫోను పెట్టేసింది. "హార్లన్ గ్రోవ్ ఇల్లు మీకే ఖాయమైంది కొరీన్! ఇంటావిడ ఆరు ఉత్తరాలు చదివి మీదే ఎంచుకుందట. కుక్క ఫొటో చూసి మురిసిపోయిందట" అని ఆవిడ ఒకటే సంబరం. నాలుగు ఇళ్ళు చేజారిపోయాక ఐదోది దక్కింది. ఎగిరి గంతెయ్యాల్సిన కొరీన్ మాత్రం కుక్క అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఆ ఉత్తరం రాసింది తనే. మేమెవరం, మాకొక్క పిల్ల, దానికి లెక్కలంటే ప్రాణం, మీ ముందుగది కిటికీ పక్కన మా పియానో పెట్టుకుంటాం అంటూ, ఇల్లు కొనేవాళ్ళందరూ ఇంటివాళ్ళకి రాసుకునే విన్నపమే. ఆసుపత్రిలో రెండు డ్యూటీల మధ్య కూర్చుని మూడుసార్లు తిరగరాసింది. దానికి ఈస్టర్ ఆదివారం చర్చి మెట్ల మీద నలుగురూ దిగిన ఫొటో జతచేసి, గ్వెన్‌కి పంపమని మొగుడికి అప్పజెప్పి డ్యూటీకి వెళ్ళింది.

"పంపాను. డ్యూక్‌ది పంపాను" అన్నాడు డెజ్మండ్. అద్దం ముందు సగం గీసిన గడ్డంతో నిలబడి ఉన్నాడు.

"డ్యూక్ కుక్క."

"తెలుసు."

"మనం నలుగురం ఉన్న ఫొటో తీసేసి, కుక్కది పెట్టావు."

"మొదటి నాలుగు ఇళ్ళకీ మన ఫొటోయే పెట్టాం కోరీ. ఏమైంది? అందులో రెండిళ్ళకి మనం చెప్పిన ధరే ఎక్కువ. అయినా ఏమైంది?"

పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ కుతకుతలాడుతోంది. డెజ్మండ్ తల్లి ఒడెస్సా అటు తిరిగి గరిటె తిప్పుతోంది. మూడు వారాలుగా నలుగురూ ఉంటున్న హోటలు గది అది. మంచానికీ పొయ్యికీ మధ్య ఆరడుగులు. అందులో ఎవరు ఎవరితో పోట్లాడినా అందరూ పోట్లాడినట్టే.

"ఉత్తరం కూడా మార్చావా?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"మన చర్చి పేరు తీసేశాను. శనివారాలు అమ్మ అరుగు మీద కూర్చుని థియాకి సన్నజడలు అల్లుతుందని రాశావే, అది తీసేశాను. అంతే."

ఒడెస్సా గరిటె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది.

థియా మంచం మీద పుస్తకం మూసింది. పదకొండేళ్ళ పిల్ల. "నాన్నా, డ్యూక్ ఒక్కడే ఉన్నాడా ఫొటోలో?"

"ఊఁ."

"నేను లేనా?"

"లేవమ్మా."

"వాడు బడికి కూడా వెళ్ళడుగా" అంది థియా.

ఆ మాటకి నవ్వొచ్చి ఉండాల్సింది. ఎవరికీ రాలేదు.

"కొంటామని సంతకం పెట్టేముందు నాకు చెప్పాలనిపించలేదా?" అంది కొరీన్.

"చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలేదు." డెజ్మండ్ నీళ్ళ కుళాయి కట్టేశాడు. "చూడు కోరీ. సెయింట్ లూయిస్‌లో పద్నాలుగేళ్ళ పని వదిలేసి నీ ఉద్యోగం వెనకాల వచ్చాను. వద్దన్నానా? బస్సులు బాగుచేసే చేతులతో మూడు వారాల్నుంచి ఈ గదిలో దుప్పట్లు మడతపెడుతున్నాను. ఒక్క పని నావల్ల కావాలనుకున్నాను. ఇల్లు కావాలన్నావు, తెచ్చాను."

"ఇల్లు తెచ్చావు. మమ్మల్ని చెరిపేసి తెచ్చావు."

"అమ్మా, నువ్వైనా చెప్పు" అని తల్లి వైపు తిరిగాడు.

ఒడెస్సా పొయ్యి ఆపింది. నాలుగు గిన్నెల్లోకి జావ పోసి, ఒక్కో దాంట్లో వెన్నముక్క వేసి, అప్పుడు కూర్చుంది. ఆవిడ మాట ఎప్పుడూ అన్నం పెట్టాకే వస్తుంది.

"అరవై ఆరులో మన పాత వీధిలో నల్లవాళ్ళకి ఇల్లు అమ్మేవాళ్ళు లేరు. మీ నాన్నతో ఫౌండ్రీలో కమిన్‌స్కీ అని ఒక తెల్లతను పనిచేసేవాడు. అతని పేరు మీద కొని, నెల తిరిగాక మాకు రాసిచ్చాడు. మంచివాడే. అందుకే ఏటా థాంక్స్‌గివింగ్ పండక్కి భోజనానికి పిలిచేవాళ్ళం. అతను వచ్చి మీ నాన్న కుర్చీలో కూర్చునేవాడు. గోడ మీద చెయ్యేసి, 'ఇల్లు బాగానే నిలబడిందే' అనేవాడు. పంతొమ్మిదేళ్ళు అన్నాడు. పంతొమ్మిదేళ్ళూ మీ నాన్న నవ్వాడు."

"అయితే నేను చేసింది తప్పంటావా?"

"తప్పని ఎవరన్నారు? ఇల్లొచ్చింది. ఇక నవ్వడం నేర్చుకోమంటున్నాను."

డెజ్మండ్ గిన్నె ముట్టుకోలేదు.

కొరీన్ లేచి చెప్పులు తొడుక్కుంది. "శుక్రవారం ఐదింటిదాకా గడువుంది. ఈలోపు మనం లాయరు చేత వద్దనిపించొచ్చు, కారణం చెప్పక్కర్లేదని గ్వెనే చెప్పింది. నేను వద్దనిపిస్తాను."

"అనిపించు. ఆగస్టు ఒకటికి ఊళ్ళో చిరునామా చూపించకపోతే బళ్ళో చేర్చుకోరు. అప్పుడు ఏం చేస్తావు? మళ్ళీ ఆ పాత బడిలాంటిదానికే పంపిస్తావా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

పాత బళ్ళో జనవరి నుంచి లెక్కల టీచరు లేరు. రోజుకొకరు వచ్చి సినిమా వేసి కూర్చునేవారు. థియా తనంతట తనే పుస్తకంలో సగం లెక్కలు చేసేసి, ఎవరికి చూపించాలో తెలియక అమ్మకి చూపించేది. ఇంటిల్లిపాదిలో మొదట కాలేజీ గడప తొక్కింది కొరీన్. ఆ గడపదాకా తను ఎలా దేక్కుంటూ వెళ్ళిందో తనకే తెలుసు. పిల్ల నడుచుకుంటూ వెళ్ళాలి. అంతే ఆమె పట్టు.

కొత్త ఉద్యోగం ఖాయమైన రోజు నుంచీ శని ఆదివారాలు కాదని, సెలవు పెట్టి మరీ, శుక్రవారాలు వచ్చేది షికాగో చుట్టుపక్కల ఊళ్ళకి. ఎవరి పొగడ్తా నమ్మలేదు. మధ్యాహ్నం మూడింటికి బడి గేటు ఎదురుగా కారు ఆపుకుని కూర్చునేది. బెల్లు కొట్టాక పిల్లలు ఎవరితో ఎవరు నడుస్తున్నారో చూసేది. ఒక ఊళ్ళో బంగారంలాంటి బడి, మూడొందల మందిలో నల్లపిల్ల ఒక్కతి, ఒంటరిగా నడుస్తూ. ఇంకో ఊళ్ళో అందరూ మన పిల్లలే, బడి కిటికీలకి అట్టముక్కలు. పదకొండో ఊరు హార్లన్ గ్రోవ్. అక్కడ గేటు తెరిచారు. నల్లపిల్లలు, తెల్లపిల్లలు, తలకి గుడ్డ చుట్టుకున్న పిల్లలు ఒకళ్ళ బ్యాగు ఒకళ్ళు లాక్కుంటూ గుంపులుగా వచ్చారు. కొరీన్ కారులో కూర్చుని ఏడ్చింది. ఆ సంగతి డెజ్మండ్‌కి కూడా చెప్పలేదు.

ఫోను మోగింది. గ్వెన్ మెసేజి. ఇంటావిడ పదకొండింటికి రమ్మంది, మిమ్మల్ని చూడాలని కేకు చేసింది.

"వెళ్దాం" అన్నాడు డెజ్మండ్. "చూస్తే చూడనీ. సంతకం పడింది. ఇప్పుడు మనల్ని చూసి ఏం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు. మొహం అదోలా పెడుతుంది. ఆ మొహం థియా చూస్తుంది" అంది కొరీన్.

* * *

కారులో ఇరవై నిమిషాల దారి. ఊరి పొలిమేరలో బడి కనిపించింది. సెలవులు, గేటు మూసి ఉంది. థియా కిటికీకి ముక్కు ఆనించి చూసింది. కొరీన్ అటు చూడలేదు.

ఎర్ర ఇటుకల ఇల్లు. ముందు అరుగు, అరుగు మీద రెండు పాత కుర్చీలు. గడ్డి మొన్ననే కత్తిరించినట్టుంది. కొరీన్ మెట్లెక్కుతూ తన మొహం తను సిద్ధం చేసుకుంది. ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన మొదటిరోజు, డాక్టరైన తనని చూసి 'నర్సుని కాదు, డాక్టర్ని పిలువు' అన్న రోగి ముందు పెట్టుకున్న మొహమే.

తలుపు తెరుచుకుంది.

ఎనభై దాటిన మనిషి. దగ్గరగా కత్తిరించిన వెండిజుట్టు, ఇస్త్రీ చేసిన నీలం గౌను, చెవులకి ముత్యాలు. ఒడెస్సా కన్నా రెండు చాయలు నలుపు.

"ఓరి దేవుడా, మనావిడే!" అంది ఒడెస్సా పైకే. పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి నవ్వై బయటికొచ్చింది. డెజ్మండ్ కూడా నవ్వాడు.

తలుపు దగ్గరావిడ నవ్వలేదు. వాళ్ళ నలుగురి భుజాల మీదుగా వీధిలోకి చూసింది. కారులోంచి ఇంకెవరైనా దిగాలేమో అన్నట్టు చూసింది.

"మీరు... గ్వెన్ పంపిన మనుషులా?"

"మేము టాలివర్లం మేడమ్" అన్నాడు డెజ్మండ్.

"కుక్క వాళ్ళు" అందావిడ. తలుపు పూర్తిగా తీసి, "రండి. ఎండలో నిలబడకండి" అంది.

ఆవిడ పేరు ఎర్నెస్టిన్ పెట్వే. మొగుడు పోయి ఐదేళ్ళు. కూతురి దగ్గరికి అట్లాంటా వెళ్ళిపోతోంది. కేకు నాలుగు ముక్కలు కోసింది. తనకి కోసుకోలేదు. థియాని దగ్గరికి పిలిచి ఏ క్లాసని అడిగింది. ఆరులోకి అని చెప్పగానే, "పదిహేనుని ఇరవై నాలుగుతో గుణిస్తే?" అంది, టీచర్లు అడిగినట్టు, గడ్డం పైకెత్తి.

"మూడొందల అరవై."

"ఎలా చేశావు?"

"ఇరవై నాలుగుని పదితో చేసి, అందులో సగం కలిపాను."

ఎర్నెస్టిన్ మొహం ఒక్కసారి విచ్చుకుంది. అంతలోనే ఎవరో లోపలినుంచి లాగినట్టు మూసుకుపోయింది. "చెల్లెమ్మా, పిల్లకి వెనక తోట చూపించు. రాస్ప్‌బెర్రీలు పండాయి" అంది ఒడెస్సాతో.

ఒడెస్సా డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. ఏ గొంతు విన్నప్పుడు పిల్లల్ని గదిలోంచి తీసుకుపోవాలో తెలుసు. థియా చెయ్యి పట్టుకుని వెళ్ళింది.

"చెప్పండి మేడమ్" అంది కొరీన్.

ఎర్నెస్టిన్ చేతిరుమాలు మడిచి విప్పింది. "డెబ్బై నాలుగులో వచ్చాం ఈ వీధికి. మొదటి నల్లకుటుంబం మాదే. ఆ పెద్ద రోడ్డుకి అవతల మా అక్క ఉండేది. ఇక్కడికి రెండు మైళ్ళు. మనవాళ్ళు వచ్చేకొద్దీ వాళ్ళు అమ్ముకుని పోయారు, ఆరేళ్ళలో ఆ పక్క ఒక్క తెల్లకుటుంబం మిగల్లేదు. ఇళ్ళు అవే. మనుషులూ మంచివాళ్ళే. వెళ్ళినవాళ్ళ వెనకే బ్యాంకు పోయింది, కిరాణా కొట్టు పోయింది, బళ్ళో టీచర్లు పోయారు. మా అక్క పిల్లల్ని నేను తెచ్చి ఇక్కడ చదివించాను."

"ఇక్కడివాళ్ళెందుకు పోలేదు?" అన్నాడు డెజ్మండ్.

"లెక్కపెట్టాం కాబట్టి. పైకి ఎవ్వరం అనం బాబూ. వీధి సంఘంలో కూర్చుని, కాఫీ తాగుతూ, పూలమొక్కల గురించి మాట్లాడుతూ లెక్కపెడతాం. ఏ ఇంటికి ఎవరొస్తే బాగుంటుందో ఒకరి చెవిలో ఒకరం వేస్తాం. ఈ వీధికి పద్నాలుగు ఇళ్ళు. ఏడు వాళ్ళవి, ఏడు మనవి. మొన్న ఏప్రిల్‌లో మూల ఇల్లు మనవాళ్ళే కొన్నారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ డాక్టర్లు, బంగారంలాంటి మనుషులు. ఎనిమిదయ్యాయి. ఆ వారంలోనే పక్కింటి తెల్లవాళ్ళు అమ్మకం బోర్డు చేయించుకుని గ్యారేజీలో పెట్టుకున్నారు. ఇంకా బయట పాతలేదు. నా ఇల్లు ఎవరు కొంటారో చూస్తున్నారు. నాది వాళ్ళవాళ్ళకి పోతే మళ్ళీ ఏడూ ఏడూ అవుతుంది కదా అనుకున్నాను."

కొరీన్ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"అంటే మమ్మల్ని తెల్లవాళ్ళనుకుని ఇచ్చారు" అంది కొరీన్.

"అవును బిడ్డా. ఈ వయసులో అబద్ధం ఎందుకు? ఆరు ఉత్తరాలొచ్చాయి. రెండింట్లో మన పిల్లల ఫొటోలున్నాయి. ముద్దుగా ఉన్నారు. చూడలేక బోర్లా పెట్టాను."

డెజ్మండ్ చేతిలో కేకు పళ్ళెం బల్ల మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

"మీకు సిగ్గనిపించలేదా?" కొరీన్ గొంతు ఇప్పుడు కూడా పెరగలేదు.

"అనిపించింది. యాభై ఏళ్ళ కింద నన్ను రానివ్వకూడదనుకున్నవాళ్ళ పని నేను చేస్తున్నానని తెలుసు. కానీ ఒకటి చెప్పు. నువ్వు ఈ ఊరు ఎందుకు ఎంచుకున్నావు? బడి చూసే కదా? మూడింటికి గేటు దగ్గర కారు ఆపుకుని కూర్చుని ఉంటావు."

కొరీన్ ఉలిక్కిపడింది.

"అందరూ అలాగే కూర్చుంటారు తల్లీ. ముప్పై ఒక్కేళ్ళు ఆ బళ్ళో లెక్కలు చెప్పాను. కిటికీలోంచి చూసేదాన్ని, కార్లలో మన ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం. అలా కలిసి నడిచే పిల్లలు వానకి మొలిచారనుకున్నావా? ఎవరో ఒకరు లెక్కపెట్టి, ఎవరో ఒకరి మొహం మీద మర్యాదగా తలుపేస్తేనే వచ్చారు."

తిట్టడానికి నోరు తెరిస్తే కొరీన్‌కి ఆ గేటే కళ్ళముందు కనిపిస్తోంది.

"మీ రంగు చూసి నేను మాట తప్పితే చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకూడదు కూడా. మీరు తప్పుకోవచ్చు. శుక్రవారం దాకా టైముంది." ఎర్నెస్టిన్ రుమాలు ఒళ్ళో పెట్టుకుంది. "అడుగుతున్నాను. బతిమాలుతున్నాననుకో, అలాగే అనుకో."

పొద్దున హోటలు గదిలో చెప్పులు తొడుక్కుంటూ కొరీన్ అన్న మాటే అది. వద్దనిపిస్తాను. ఇప్పుడు ఇంకొకరి నోట వినేసరికి ఆ మాటకి ఇంకో అర్థం వచ్చి కూర్చుంది.

ఆమె లేచింది. "జులై ఆఖర్లోనే సామాను దించుకుంటాం మేడమ్. మాది ఎనిమిదో ఇల్లే. పక్కవాళ్ళు పోయి తొమ్మిదైనా, పదైనా, మా పిల్ల ఈ గుమ్మంలోంచే బడికెళ్తుంది."

"అందరూ పోయాక అది ఆ బడి కాదు బిడ్డా. అప్పుడు పిల్లని తీసుకుని నువ్వూ పోతావు. మనమూ వాళ్ళలాగే పోతాం. నాలుగేళ్ళు ఆలస్యంగా, అంతే."

"పోతే అప్పుడు చూసుకుందాం."

"మా అక్క కూడా అదే అంది."

కొరీన్ వీధి తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. కుర్చీల పక్కన నిలబడి ఊపిరి పీల్చుకుంది. చాలా రోజుల తర్వాత ఒళ్ళంతా కాలుతున్నట్టుంది. అది కోపమో, గెలుపో ఆమెకి తెలియలేదు. మొగుడు వెనకాలే వస్తాడని, వచ్చి భుజం మీద చెయ్యేస్తాడని అనుకుంది. పొద్దున తిట్టినవన్నీ వెనక్కి తీసుకోడానికి కూడా సిద్ధపడింది.

డెజ్మండ్ ఐదు నిమిషాలకి వచ్చాడు. చెయ్యి వెయ్యలేదు.

"లాయరుకి ఫోను చేశాను. వద్దని చెప్పాను" అన్నాడు.

"ఏమిటి?"

"నా ఒక్కడి మాట చాలదట. నీ సంతకం కూడా కావాలట."

"నీకు మతి పోయిందా డెజ్? పొద్దున నువ్వే కదా..."

"పొద్దున నేనే. ఆ ఫొటోలు చూపించమని ఆవిణ్ణి అడిగాను. సొరుగులోంచి తీసి ఇచ్చింది. ఒకదాంట్లో ఇద్దరు కవలలు. రెండోదాంట్లో ఒక్క పిల్ల, పళ్ళకి తీగ, మన థియా ఈడుదే. వాళ్ళమ్మ దాని భుజాలు ఎలా పట్టుకుందో..." అతను మిగతాది మింగేశాడు.

"మనం తప్పుకుంటే ఈవిడ వాళ్ళకిస్తుందా?"

"ఇవ్వదు."

"మరి?"

"నాకు తెలీదు కోరీ. మనల్ని ఒక్కళ్ళనే బోర్లా పెట్టాననుకున్నాను. నేను పంపిన కుక్క ఫొటో కింద వాళ్ళూ పడ్డారు."

"వాళ్ళ పిల్లకి వాళ్ళున్నారు. మన పిల్లకి మనమే ఉన్నాం. నేను సంతకం పెట్టను."

"నేను ఈ ఇంట్లో నిద్రపోలేను."

ఇద్దరూ అరుగుకి చెరో చివరా నిలబడ్డారు. ఎవరైనా వీధిలోంచి చూస్తే ఇల్లు నచ్చి చూసుకుంటున్న దంపతులే అనుకుంటారు.

పక్క సందులోంచి థియా పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతులు రాస్ప్‌బెర్రీల రసంతో ఎర్రగా ఉన్నాయి. వెనకాల ఒడెస్సా ఆయాసపడుతూ, "ఆగవే, ఆగమన్నానా!" అంటోంది. ఆవిడ మొహంలో రంగు లేదు.

"అమ్మా! కంచె అవతల ఒక అమ్మాయుంది, దానిదీ ఆరో క్లాసే. పేరు బ్రిడ్జెట్. బళ్ళో లెక్కలకి పోటీలు కూడా ఉన్నాయట. నాతో కలిసి వస్తావా అని అడిగింది." థియా ఊపిరి తీసుకుంది. "కానీ వాళ్ళు వెళ్ళిపోతారో, ఉంటారో ఇంకా తెలీదట. ఈ ఇల్లు ఎవరు కొంటారో చూసి చెప్తానందట వాళ్ళమ్మ."

కొరీన్ ఒక మెట్టు దిగింది. "నువ్వేమన్నావు?"

"మేమే కొన్నాం అన్నాను. వాళ్ళమ్మకి చెప్తానని లోపలికి పరిగెత్తింది."

పక్కింటి వీధి తలుపు తెరుచుకుంది. ఒకావిడ చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి, గ్యారేజీ దాకా వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆగి ఇటు చూసింది.